పసుపు బల్బు కింద గిరణ్‌గావ్

రెస్టారెంట్లకి ఇంటీరియర్ డిజైన్ చేసే పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువసార్లు వినబడే మాట 'వార్మ్'. యజమాని ఎవరైనా, వండేది ఏదైనా, మొదటి మీటింగులోనే ఆ మాట వచ్చి తీరుతుంది. ముంబై లోయర్ పరేల్‌లో పాత బట్టల మిల్లుల ఆవరణల్లో హోటల్ పెట్టేవాళ్ళయితే దానికి ఇంకోటి కలుపుతారు: "ఇండస్ట్రియల్‌గా ఉండాలి, కానీ వార్మ్‌గా." అంటే ఏమిటని అడిగితే ఫోన్ తీసి ఫొటోలు చూపిస్తారు. ఏ దేశంలో తీసిన ఫొటో అయినా అందులో ఉండేవి అవే. పూత లేని ఎర్ర ఇటుక గోడ. నల్ల రంగేసిన ఇనుప స్తంభాలు. పాత టేకు బల్లలు. వైరు చివర వేలాడుతూ, లోపలి తీగ కంటికి కనబడేలా వెలిగే పసుపు బల్బులు.

ఆ వస్తువులు ఆ చోట ఇంతకుముందు ఏం పని చేసేవి? ఆ చుట్టుపక్కల మనుషులకి నిజంగా వేడన్నం దొరికిన గదులు ఎలా ఉండేవి? ఒక డిజైనర్‌గా ఈ రెండు ప్రశ్నలూ నన్ను చాలాకాలంగా పట్టుకున్నాయి. వెతికేకొద్దీ నాకు అర్థమైంది ఇది: మనం 'మిల్లు జ్ఞాపకం' అని అలంకరించుకుంటున్నది చాలావరకు మిల్లులో పనిచేసినవాళ్ళు చూసినది కాదు. వాళ్ళు చూసినదాన్ని చెరిపేశాక బయటపడినది.

ముందు ఆ 'వార్మ్' మాట సంగతి చూద్దాం. ఏడాదిలో పది నెలలు చెమటలు కారే ఊళ్ళో వెచ్చదనం కావాలని అడగడం చిత్రమే కదా. మన భాషలో ప్రేమకీ సుఖానికీ చల్లదనమే గుర్తు. "చల్లగా ఉండు నాయనా" అని దీవిస్తాం. చల్లని తల్లి అంటాం, చల్లని చూపు అంటాం, నీ కడుపు చల్లగుండ అంటాం. మండిపోయేది కోపం, రగిలేది పగ. ఒక్క అన్నం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేడి కావాలి. వేడి వేడి అన్నంలో ఇంత నెయ్యి అనగానే నోట్లో నీళ్ళూరుతాయి. అంటే మన లెక్కలో విస్తట్లో వేడి ఉండాలి, విస్తరి వేసిన చోట చల్లగా ఉండాలి. చలిదేశాల్లో రెండూ వెచ్చగానే ఉండాలి, వాళ్ళ అవసరం అది. పొయ్యి వెలుగు రంగుని గోడల మీదకి తెచ్చుకునే అలవాటు అక్కడ పుట్టింది. మనం దాన్ని ఏసీని 22 డిగ్రీలకి తిప్పి, ఆ చలిలో పసుపు దీపాలు పెట్టి అనుభవిస్తున్నాం.

* * *

బొంబాయిలో మొదటి బట్టల మిల్లుకి కంపెనీ పెట్టినవాడు కావస్జీ నానాభాయ్ దావర్ అనే పార్సీ వ్యాపారి. 1854లో కంపెనీ, 1856లో ఉత్పత్తి. 1861 నుంచి 65 దాకా అమెరికాలో జరిగిన అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండుకి అక్కడి పత్తి ఆగిపోయి, మన పత్తికి గిరాకీ పెరిగి, బొంబాయిలో డబ్బు పోగైంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో పరేల్, లాల్‌బాగ్, వర్లీ, బైకుల్లా పొడవునా మిల్లులు లేచాయి. మరాఠీలో మిల్లుని గిరణి అంటారు. అలా ఆ ప్రాంతమంతా 'గిరణ్‌గావ్', మిల్లుల ఊరు, అయింది. మిల్లుల కింద ఉన్న నేల దాదాపు 600 ఎకరాలు.

ఆ ఊరు కట్టడంలో తెలుగువాళ్ళ చెయ్యి కూడా ఉంది. నిజాం ప్రాంతం నుంచి వలస వెళ్ళి రోడ్లూ భవనాలూ కట్టిన కామాటీల పేరు మీదే కామాఠీపురా వచ్చింది. తర్వాత తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు మగ్గం పని వదిలి మిల్లు పనికి వెళ్ళారు. వర్లీ, పరేల్ చాల్‌లలో మరాఠీ ఇళ్ళ మధ్య తెలుగు మాట వినబడడం అప్పటినుంచీ ఉన్నదే. చాల్ అంటే వరసగా ఒంటిగదుల ఇళ్ళూ, ముందు అందరికీ ఒకటే వసారా ఉండే కట్టడం.

మిల్లు లోపల ఎలా ఉండేది? డిజైనర్లకి బాగా నచ్చేది రంపం పళ్ళలా లేచే దాని కప్పు. పళ్ళకి ఒకవైపు అద్దాలు ఉత్తరానికి తిరిగి ఉంటాయి. ఎండ నేరుగా పడకుండా, పగలంతా ఒకే తీరు వెలుతురు రావాలి, తెగిన దారం కంటికి ఆనాలి, అందుకు. పొడిగాలిలో నూలు తెగుతుంది కాబట్టి నేత షెడ్డులో గాలిని తేమగా ఉంచేవాళ్ళు, కిటికీలు మూసేవాళ్ళు. బొంబాయి ఉక్కకి ఆవిరి తోడు. దూది ధూళి ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ళ తరబడి దగ్గించే జబ్బుకి బిసినోసిస్ అని పేరుంది. మగ్గాల మోత 100 డెసిబెల్స్ దగ్గర ఉండేది, పక్కవాడితో మాట్లాడాలంటే పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. అంటే ఆ కట్టడం వెచ్చగానే ఉండేది. దారానికి హాయిగా ఉండే వెచ్చదనం అది, మనిషికి కాదు.

ఇప్పుడు ఆ ఫొటోల్లోని వస్తువుల దగ్గరికి వద్దాం.

మొదట ఇటుక గోడ. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 11వ సెక్షన్ శుభ్రత గురించి. సున్నం వేసే గోడలయితే కనీసం 14 నెలలకోసారి మళ్ళీ వేసి తీరాలని అందులో ఉండేది. వెలుతురు కోసం, శుభ్రం కోసం లోపలి గోడల్ని తెల్లగా ఉంచడం ఫ్యాక్టరీల్లో దానికంటే పాత అలవాటే. అంటే మిల్లు కార్మికుడు లోపల చూసింది ఎర్ర ఇటుక కాదు, సున్నం. ఏడాదికేడాది పొర మీద పొర పడిన సున్నం. ఈ రోజు మనం కూలీలని పెట్టి ఆ పొరలన్నీ గీకించి, పూత ఊడగొట్టి, ఇటుక మీద మెరుపు వార్నిష్ కొట్టి "ఒరిజినల్ గోడ" అంటున్నాం. ఇటుక ఒరిజినలే. ఆ గోడ పక్కన బతికినవాళ్ళకి మాత్రం దాన్ని అలా చూసే అవకాశమే రాలేదు.

రెండోది బల్బు. నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపిన వస్తువు ఇదే. 1905 ప్రాంతంలో బొంబాయి మిల్లుల్లోకి ఎలక్ట్రిక్ దీపాలు వచ్చాయి. అంతవరకూ పనిగంటల్ని చాలావరకు సూర్యుడు తేల్చేవాడు. పొద్దు వాలితే దారం కనబడదు, కాబట్టి యంత్రం ఆగాలి. దీపం రాగానే ఆ హద్దు పోయింది. పత్తి బజారు బాగున్న రోజుల్లో పని దినం పద్నాలుగు, పదిహేను గంటలకి సాగింది. కార్మికులు ఊరుకోలేదు. ఆ ఏడాదే మిల్లుల దగ్గర గొడవలయ్యాయి. ప్రభుత్వం విచారణలూ కమిషనూ వేసి, చివరికి 1911 చట్టంతో బట్టల మిల్లుల్లో మగవాళ్ళ పనిని రోజుకి 12 గంటలకి కట్టడి చేసింది. పన్నెండు గంటలు కూడా అప్పట్లో గెలుపే.

ఆ బల్బు నమూనాలే ఇప్పుడు మన బల్లల మీద వేలాడుతున్నాయి. 2700 కెల్విన్‌కి కాస్త అటూ ఇటూ ఉండే ఆ పసుపు వెలుగులో ముఖాలు అందంగా కనిపిస్తాయి, చర్మం మీద మచ్చలు తగ్గినట్టుంటాయి, ఇంకాసేపు కూర్చోబుద్ధేస్తుంది. "ఇంకాసేపు" అనేది నా వృత్తిలో చాలా విలువైన మాట. ఇంకాసేపు కూర్చుంటే ఇంకో గ్లాసు, ఇంకో ప్లేటు. వందేళ్ళ కింద కూడా అదే దీపం అదే పని చేసింది, మనిషిని ఇంకాసేపు ఉంచింది. కాకపోతే అప్పటి మనిషికి లేచి వెళ్ళే వీలు లేదు.

ఇక ఇనుమూ టేకూ. మిల్లులు కూలగొట్టినప్పుడు దిగిన బర్మా టేకు దూలాలు పాత సామాన్ల బజార్లకి చేరి, కోతపడి, బల్లలై తిరిగొచ్చాయి. ఇనుప స్తంభాలకి ఎక్కడివక్కడ నల్ల రంగు. నాకు వీటితో తగాదా లేదు. పడేసే చెక్కని వాడుకోవడం మంచి పని. కానీ గమనించండి, ఇటుక, ఇనుము, చెక్క, చిమ్నీ అన్నీ యజమాని ఆస్తిపట్టీలో ఉండే సరుకే. మిల్లు 'వారసత్వం' అనగానే మనకి కంటబడేవి అవే, ఎందుకంటే చివరికి మిగిలినవి అవే. మనుషులు మిగల్లేదు కాబట్టి వాళ్ళ వస్తువులూ మిగల్లేదు.

* * *

మనుషులు ఎలా పోయారన్నది తెలిసిన కథే, అయినా క్లుప్తంగా చెప్పాలి. 1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకి దిగారు. ఆ సమ్మెని విరమిస్తున్నామని ఇప్పటిదాకా ఎవరూ ప్రకటించలేదు. అది ముగియలేదు, అరిగిపోయింది. కొందరు పనిలోకి తిరిగి వెళ్ళారు, ఎందరో ఊళ్ళకి వెళ్ళిపోయారు. బట్ట నేయడం ఆగలేదు, చోటు మారింది. భివండీలో మరమగ్గాల షెడ్లు పెరిగాయి. అక్కడ మగ్గం నడిపే చేతుల్లో తెలంగాణ చేతులు చాలా ఉన్నాయి. సిరిసిల్లలో సాంచెల చప్పుడుకీ భివండీకీ ఉన్న చుట్టరికం మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మిల్లులో యూనియన్, గుర్తింపు కార్డు, క్యాంటీన్ ఉన్న పని, షెడ్డులో ఏదీ లేని పనిగా మారింది.

ఖాళీ అయిన నేల సంగతి 1991 నాటి నగర నిర్మాణ నిబంధనల్లో తేలింది. మిల్లు భూమిని అభివృద్ధి చేస్తే మూడో వంతు ఊరికి ఖాళీ స్థలంగా, మూడో వంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి, మూడో వంతు యజమానికి. 2001లో దాన్ని సవరించారు. కట్టడాలు ఉన్న నేల కాదు, ఖాళీగా ఉన్న నేలలోనే వాటాలు అన్నారు. మిల్లు ఆవరణ నిండా షెడ్లే కదా. పంచవలసింది కొంచెమే మిగిలింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2006లో ఆ సవరణే నిలబడింది.

ఇక్కడ డిజైన్ చరిత్రలోంచి ఒక కాకతాళీయం. షారన్ జూకిన్ అనే సమాజశాస్త్రవేత్త 'లాఫ్ట్ లివింగ్' అనే పుస్తకం వేసింది సరిగ్గా 1982లోనే. న్యూయార్క్ సోహోలో మూతబడ్డ ఫ్యాక్టరీ అంతస్తుల్లోకి మొదట అద్దె కట్టలేని చిత్రకారులు చేరడం, వాళ్ళ ఇటుక గోడలూ ఎత్తు కప్పులూ చూసి డబ్బున్నవాళ్ళకి మోజు పుట్టడం, ఆ మోజు అద్దెలు పెంచి చిత్రకారుల్నే బయటికి నెట్టడం, ఇదీ ఆ పుస్తకం చెప్పిన వరస. ఫ్యాక్టరీ అందంగా కనబడాలంటే ముందు అందులో పని ఆగిపోవాలన్నది నేను అందులోంచి తీసుకున్న పాఠం. పరేల్‌లో సమ్మె మొదలైన ఏడాదికే ఆ సమ్మె తర్వాత రాబోయే అలంకరణ ఎలా ఉంటుందో పుస్తకంలో అచ్చయి ఉంది. లోయర్ పరేల్‌కి ఆ శైలి సోహో నుంచి తయారై వచ్చింది. నడుమ చిత్రకారుల మెట్టు కూడా మనకి పెద్దగా లేదు, మిల్లు నుంచి నేరుగా మాల్‌కీ రెస్టారెంటుకీ దూకాం.

* * *

ఇప్పుడు రెండో ప్రశ్న. గిరణ్‌గావ్‌లో అన్నం ఎక్కడ దొరికేది?

మిల్లు కార్మికుల్లో ఎక్కువమంది కొంకణ్‌లోని రత్నగిరి నుంచీ, సతారా, కొల్హాపూర్‌ల నుంచీ వచ్చిన మగవాళ్ళు. పెళ్ళాం పిల్లలు ఊళ్ళో, తాము చాల్ గదిలో. 1920లలో ప్రభుత్వం కట్టిన బీడీడీ చాల్‌లలో ఒక్కో గది 160 చదరపుటడుగులు. దాంట్లో ఎంతమంది ఉండేవాళ్ళంటే, ఒక షిఫ్టువాళ్ళు పనికి వెళ్తేనే ఇంకో షిఫ్టువాళ్ళకి పడుకునే చోటు దొరికేది. వీళ్ళకి వండిపెట్టినవి ఖానావళ్‌లు. మన మాటలో పూటకూళ్ళ ఇళ్ళు. 'కన్యాశుల్కం' చదివినవాళ్ళకి పూటకూళ్ళమ్మని పరిచయం చెయ్యక్కర్లేదు. గిరణ్‌గావ్ పూటకూళ్ళమ్మలు కూడా ఎక్కువమంది మొగుడు పోయినవాళ్ళో, మొగుడి జీతం చాలనివాళ్ళో. తన గదిలోనే పొయ్యి, తన గదిలోనే వడ్డన. భాక్రీ, పప్పు, అన్నం, ఒక కూర, కొంకణీలయితే చేపల పులుసు. పదిమందో ఇరవైమందో ఖాతాదారులు వంతులవారీగా వచ్చి తినేవాళ్ళు. డబ్బు నెలకోసారి, జీతం రోజున.

డిజైనర్ కంటితో ఆ గదిని ఊహించుకుంటే నాకు ఆశ్చర్యం వేస్తుంది. చోటు లేదు. కుర్చీ లేదు, నేల మీద కూర్చోవాలి. పొగ ఉంది. పక్కవాడి మోకాలు తగులుతుంది. నేను చదువుకున్న సూత్రాల ప్రకారం అక్కడ ఏ సుఖమూ ఉండకూడదు. అయినా గిరణ్‌గావ్ మీద మీనా మేనన్, నీరా అడార్కర్ 2004లో తెచ్చిన 'వన్ హండ్రెడ్ ఇయర్స్, వన్ హండ్రెడ్ వాయిసెస్'లాంటి మౌఖిక చరిత్రల్లో కార్మికుల ప్రపంచానికి ఖానావళ్ ఎంత ముఖ్యమో కనబడుతుంది. వడ్డించే మనిషికి నీ ఊరు తెలుసు, నీ షిఫ్టు తెలుసు, నువ్వు రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కుంటుంది. అన్నిటికంటే పెద్ద సంగతి అప్పు. సమ్మె వస్తే జీతం ఉండదు, కానీ ఆకలి ఉంటుంది. ఖానావళ్ ఆవిడ ఖాతాలో రాసుకుని వండిపెట్టేది. అందుకు తాను కిరాణా కొట్టువాడి దగ్గరా వడ్డీవాడి దగ్గరా అప్పు పడేది. బొంబాయి సమ్మెలు నెలల తరబడి నిలిచాయంటే, 1928లో అయితే ఆరు నెలలు, వాటి వెనక ఈ పొయ్యిలు ఉన్నాయి. యూనియన్ చరిత్రల్లో వాళ్ళ పేర్లు ఉండవు.

1970ల మొదట్లో మరో సమ్మె తర్వాత ఈ ఆడవాళ్ళ అప్పులు మెడదాకా వచ్చాయి. అప్పుడు ప్రేమా పురవ్ అనే కార్యకర్త వాళ్ళని కూడగట్టి, జాతీయ బ్యాంకుల నుంచి అప్పులు ఇప్పించి, 1975లో అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టారు. బ్యాంకుల దృష్టిలో అంతవరకూ వాళ్ళు వ్యాపారులు కారు, ఇళ్ళలో వంట చేసుకునేవాళ్ళు మాత్రమే. వంటని వృత్తిగా గుర్తించడానికి అంతకాలం పట్టింది.

ఖానావళ్‌ని బంగారు పూత పూసి చూపిస్తే అదీ అబద్ధమే అవుతుంది. అందరికీ అన్ని ఖానావళ్‌ల తలుపులూ తెరిచి ఉండేవి కావు. ఏ ఊరివాళ్ళది ఆ ఊరు, ఏ కులంవాళ్ళది ఆ కులం. మిల్లు లోపలా అంతే. నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు దారం కొసని నోటితో పీల్చి లాగాలి. ఆ నాడె చేతులు మారుతుంది కాబట్టి, ఎంగిలి అంటూ దళితుల్ని నేత ఖాతాలోకి రానివ్వలేదు. ఎక్కువ కూలి దొరికేది ఆ ఖాతాలోనే. పరేల్ చాల్‌లోనే ఏళ్ళపాటు కాపురమున్న అంబేడ్కర్ 1928 సమ్మె సమయంలో ఈ విషయాన్ని కార్మిక నాయకుల ముందు పెట్టాడు. కాబట్టి ఖానావళ్ వెచ్చదనానికి గీసిన గీత ఒకటి ఉంది. ఇవాళ్టి లోయర్ పరేల్ రెస్టారెంటు ఆ గీతని చెరిపింది, నిజమే. బిల్లు అనే ఇంకో గీత గీసింది.

* * *

పాత మిల్లులో రెస్టారెంటే వద్దని నేననను. నా జీవనాధారమే అది. పైగా బాగా ఆలోచించి చేసినవి ఉన్నాయి. 2007లో మథురాదాస్ మిల్లు ఆవరణలో, ఒక పాత గోదాములో, బ్లూ ఫ్రాగ్ అనే సంగీతశాల, రెస్టారెంటు కలిపి తెరిచారు. సీరీ ఆర్కిటెక్ట్స్ డిజైన్. వాళ్ళు ఇటుక గోడల మీద ఆధారపడలేదు. గోదాము లోపల గుండ్రటి అరల్లాంటి కూర్చునే చోట్లు చేశారు, ఒక్కోటి నలుగురి నుంచి పదిమందికి. ఒక్కోటి ఒక్కో ఎత్తులో, మెట్ల బావిలో కూర్చున్నట్టు. ఎవరి అర వాళ్ళకి చిన్న గదిలా ఉంటుంది, కానీ అందరికీ వేదిక కనబడుతుంది, ఎదుటివాళ్ళు కనబడతారు. వెలుగు అరల గోడల్లోంచే వచ్చేది. అది 2016లో మూతబడినా నేను ఇప్పటికీ ఆ ప్లాన్‌ని పాఠంలా చూస్తాను. దగ్గరగా కూర్చోబెట్టడం, ముఖాలు కనబడనివ్వడం. తెలియకుండానే కావచ్చు, ఖానావళ్ చేసిన పనికి దగ్గరిదే అది.

2015లో కమలా మిల్స్ ఆవరణలో తెరిచిన బాంబే క్యాంటీన్ ఇంకో దారి తొక్కింది. ఫ్యాక్టరీ వేషం వద్దనుకుని పాత బొంబాయి బంగళాల రంగు గాజులూ, పూల నేల పలకలూ తెచ్చుకుంది. చూడ్డానికి ఉల్లాసంగా ఉంటుంది. కానీ నన్ను ఆలోచింపజేసింది ఆ పేరు. 1948 చట్టం 46వ సెక్షన్ ప్రకారం 250 మందికి మించి పనివాళ్ళున్న ఫ్యాక్టరీలో క్యాంటీన్ పెట్టించే అధికారం ప్రభుత్వానికి ఉండేది. అంటే 'క్యాంటీన్' ఒక అలంకారం కాదు, పోరాడి చట్టంలోకి ఎక్కించుకున్న హక్కు. మిల్లుతో పాటు ఆ హక్కూ పోయింది. మాట మాత్రం మెనూ మీద నిలిచింది.

అదే కమలా మిల్స్‌లో 2017 డిసెంబరు 29 తెల్లవారితే అనగా, అర్ధరాత్రి దాటాక, రెండు రూఫ్‌టాప్ రెస్టారెంట్లు కాలిపోయి 14 మంది చనిపోయారు. హుక్కా బొగ్గుల నిప్పురవ్వలతో మొదలైందని అగ్నిమాపక శాఖ తేల్చింది. వెదుళ్ళూ గుడ్డలూ ప్లాస్టిక్ పరదాలూ క్షణాల్లో అంటుకున్నాయి. బయటికి దారి తోచక బాత్రూంలోకి వెళ్ళి ఊపిరాడక పోయినవాళ్ళే ఎక్కువ. ఆ పైకప్పు మీది వెదుళ్ళూ గుడ్డలూ కూడా 'వార్మ్' జాబితాలోవే. చల్లటి ఇనుముకీ కాంక్రీటుకీ మెత్తదనం ఇవ్వడానికి మేం వాడే సరుకే.

మిల్లులకి నిప్పు భయం కొత్త కాదు. గాలిలో తేలే దూది ధూళి ఎప్పుడైనా అంటుకోవచ్చు. అందుకే బొంబాయి మిల్లులకి నమూనా అయిన లాంకషైర్ మిల్లుల్లో మెట్లని గోడల మధ్య గోపురంలా విడిగా కట్టి, దాని నెత్తిన నీళ్ళ తొట్టి పెట్టేవాళ్ళు. దయతో కాదు, యంత్రాల మీద బీమా కోసం. ఆ లెక్కలు వేసుకునే యజమానుల కాలం నుంచి మనం ఇటుక రంగుని తెచ్చుకున్నాం, మెట్ల దారిని తెచ్చుకోలేదు. ఆ రాత్రి తర్వాత నాకు వెచ్చదనం గురించి రంగుల్లో మాట్లాడడం కష్టమైంది. తలుపు ఎంత వెడల్పు, ఎటువైపు తెరుచుకుంటుంది, పరదా గుడ్డ దేనితో చేశారు అన్నవి కూడా అతిథిని గౌరవించడంలో భాగమే. మొదటి భాగం.

* * *

అయితే పాత మిల్లులో అన్నం పెట్టే గదిని ఎలా చెయ్యాలి? చరిత్ర చదివాక నా పనిలో కొన్ని మార్పులు వచ్చాయి. అవి పెద్ద సిద్ధాంతాలు కావు.

గోడకి సున్నం ఉంటే గీకించను. సున్నమే ఆ గోడ చరిత్ర. పైగా సున్నపు గోడ వెలుగుని పంచుతుంది, ముంబై ఉక్కలో కంటికి చల్లగా ఉంటుంది. ఇటుక, ఇనుము, గాజు అన్నీ చప్పుడుని తిరగ్గొట్టే సరుకులు, నూరుమంది మాట్లాడితే మళ్ళీ నేత షెడ్డు మోతే. కాబట్టి కప్పు కింద చప్పుడుని మింగే పలకలు పెడతాను, మంటకి తట్టుకునేవి. అరవకుండా మాట్లాడుకోగలగడం కంటే వెచ్చనిది రెస్టారెంటులో ఏముంటుంది? పసుపు దీపం ఉంటుంది, కానీ బల్ల మీద రెండున్నర అడుగుల ఎత్తులో, అన్నం కనబడేలా, ఎదుటి మనిషి కనబడేలా. కళ్ళలో గుచ్చే ఉత్త తీగ బల్బు కాదు. ఇద్దరిద్దరికీ వేసే చిన్న బల్లలతో పాటు, వంటింటి దగ్గరగా ఒక పొడవాటి బల్ల, ఒంటరిగా వచ్చినవాళ్ళు పక్కపక్కన కూర్చుని తినడానికి.

చివరిది గీతలో చాలా చిన్నది, దానికోసం వాదించవలసి వచ్చేదే ఎక్కువ. లోయర్ పరేల్ రెస్టారెంట్ల వంటవాళ్ళూ వెయిటర్లూ ఎక్కడివాళ్ళని అడిగితే ఉత్తరాఖండ్, ఒడిశా, బెంగాల్, మణిపూర్ అంటారు. మగపిల్లలు, ఇళ్ళు ఊళ్ళలో వదిలి, దూరపు శివార్లలో ఆరుగురూ ఎనిమిదిమందీ ఒక గదిలో, షిఫ్టులవారీగా పడుకుంటారు. వాళ్ళు వందేళ్ళ కిందటి ఖానావళ్ ఖాతాదారులే, పేర్లు మారాయి అంతే. పగలంతా వేడన్నం మోసిన ఈ పిల్లలు చాలాచోట్ల తాము తినేది వెనక మెట్ల మీద, గ్యాస్ సిలిండర్ల పక్కన, బోర్లించిన డబ్బాల మీద కూర్చుని. అద్దె అంత ఖరీదైన చోట చదరపుటడుగుని సంపాదన లేని పనికి ఇవ్వడానికి ఏ యజమానికీ మనసొప్పదు. "వాళ్ళెక్కడో తింటారులెండి" అంటారు. ఎక్కడో అనే ఆ చోటుకి ప్లాన్‌లో కొలతలు ఉండాలన్నది నా వాదన. కిటికీ ఉన్న గోడ వారగా, పన్నెండడుగుల పొడవు బల్ల, బెంచీలు, ఒక ఫ్యాను. నలుగురు యజమానుల్ని అడిగితే ఒకరు ఒప్పుకుంటారు.

మథురాదాస్ మిల్లు ఉన్న రోడ్డు పేరు ఒకప్పుడు డిలైల్ రోడ్. ఇప్పుడు ఎన్.ఎం. జోషీ మార్గ్. నారాయణ్ మల్హార్ జోషీ 1920లో ఆలిండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ స్థాపించినవాళ్ళలో ఒకడు, బట్టల మిల్లుల కార్మికులకి యూనియన్ కట్టినవాడు. ఆ ఆవరణలోని ఏ రెస్టారెంటులో తిన్నా బిల్లు మీద అడ్రసు దగ్గర ఆయన పేరు అచ్చయి వస్తుంది. జీఎస్టీ నంబరు పైన, చిన్న అక్షరాల్లో. ఆ వీధికి మిగిలిన మిల్లు జ్ఞాపకాల్లో కార్మికుల వైపుది అదొక్కటే నాకు తరచూ కనబడుతుంది. ఇంకొకటి చేర్చగలిగితే అది గోడ మీద వేలాడే పాత నాడె కాకూడదని నా కోరిక. పనివాళ్ళు కూర్చుని వేడిగా తినే ఆ బల్ల అయితే బాగుంటుంది.